తిట్టు ఎప్పుడు నేరమవుతుంది?

2014 జనవరి 29న ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో ఒక చిరునామా వెతుక్కుంటూ కొందరు కుర్రాళ్లు ఒక దుకాణం ముందు ఆగారు. వారిలో నిడో తానియా ఒకడు. అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన విద్యార్థి. ఇరవై ఏళ్లు నిండీ నిండని వయసు. అతని జుట్టును, రూపాన్ని చూసి అక్కడున్నవారు ఎగతాళి చేశారు. మాటా మాటా పెరిగింది. కోపంలో అతను దుకాణం అద్దం పగలగొట్టాడు. ఆ తర్వాత అతని మీద దెబ్బలు పడ్డాయి. మర్నాటికి అతను ప్రాణాలతో లేడు.

దెబ్బలకు చట్టంలో సెక్షన్లున్నాయి. పగిలిన అద్దానికీ ఉంది. అన్నిటికంటే ముందు పడిన మాటకు ఏముందన్న ప్రశ్న ఆ మరణం తర్వాత కొన్ని వారాలపాటు దేశ రాజధానిని కుదిపింది. ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులు వీధుల్లోకి వచ్చి జాతి దూషణను నేరంగా ప్రకటించాలని కోరారు. మాటలను నేరాలుగా మార్చడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతామని మరికొందరు సందేహించారు. రెండు వైపులా చిత్తశుద్ధి ఉంది. అయితే ఈ వాదనను కొత్త ప్రశ్నగా చూడటంలోనే పొరపాటుంది. మనిషి పుట్టుకను ఎత్తి తిట్టడాన్ని చట్టం ఏమనాలన్న విషయంలో ఈ దేశానికి నూరేళ్లకు పైబడిన అనుభవం ఉంది. ఆ అనుభవం ఒకే దారిలో సాగలేదు. ఒకదానితో ఒకటి పెద్దగా మాట్లాడుకోని రెండు దారుల్లో సాగింది.

మొదటి దారి వలస పాలకులు వేసినది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోనే మాటలకు సంబంధించిన నేరాలు కొన్ని ఉన్నాయి. శాంతిభంగానికి రెచ్చగొట్టేలా అవమానించడం 504వ సెక్షన్ అయింది. స్త్రీ మర్యాదను అవమానించే మాట, సైగ, చేష్ట 509వ సెక్షన్ అయ్యాయి. ఈ రెంటి మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. 504లో చట్టం అడిగేది శాంతి గురించి. 509లో అడిగేది మనిషి గౌరవం గురించి. 504 ప్రకారం చూస్తే, తిట్టు వల్ల గొడవ రేగే అవకాశం ఉందా లేదా అన్నది ముఖ్యం. 509 ప్రకారం ఆ స్త్రీ మౌనంగా తలవంచుకుని వెళ్లిపోయినా నేరం నేరమే. ఈ తేడాను గుర్తుంచుకుంటే తర్వాతి కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

1898లో 153ఎ వచ్చింది. చక్రవర్తిని ప్రజల్లోని వేర్వేరు వర్గాల మధ్య శత్రుత్వ, ద్వేష భావాలను పెంచడం నేరమని, రెండేళ్ల వరకు జైలు అని అది చెప్పింది. తిలక్‌ను రాజద్రోహం కింద శిక్షించిన మరుసటి ఏడాది అది. రాజద్రోహ సెక్షన్‌ను విస్తరించిన సవరణలోనే ఈ కొత్త సెక్షన్ కూడా చేరింది. ఆ పొరుగు యాదృచ్ఛికం కాదు. దేశంలో వర్గాలు కొట్టుకుంటే పాలనకు ముప్పు, పాలకులపై రాస్తే పాలనకు ముప్పు. కాబట్టి రెంటికీ ఒకే మందు. అయితే అప్పటి సెక్షన్‌కు ఒక వివరణ జతచేశారు. ద్వేషానికి కారణమవుతున్న విషయాలను తొలగించాలన్న నిజాయితీతో, దురుద్దేశం లేకుండా ఎత్తిచూపితే నేరం కాదన్నది దాని సారాంశం. విదేశీ పాలకుడు రాసిన ఆ వివరణ ఇవాళ్టి సెక్షన్‌లో కనిపించదు.

ఆ చట్టం ఎవరికి ఎలా పనిచేసిందో 1907 నాటి లాహోర్ చెబుతుంది. ఒక యూరోపియన్ వల్ల భారతీయుడి ప్రాణం పోయిందని ఆరోపిస్తూ రాసినందుకు ‘పంజాబీ’ పత్రిక యజమానికీ సంపాదకుడికీ 153ఎ కింద శిక్ష పడింది. అదే కాలంలో, అదే నగరంలో, ఆంగ్లేయుల ‘సివిల్ అండ్ మిలిటరీ గెజిట్’ చదువుకున్న భారతీయులను పుట్టుక ఎత్తి, బానిస వర్గమని ఈసడిస్తూ లేఖలు అచ్చేసింది. ప్రభుత్వం ఆ పత్రికపై కేసు పెట్టలేదు. ఆ ఏడాది నవంబరులో వైస్రాయ్ శాసనమండలిలో రాజద్రోహ సభల నిషేధ బిల్లుపై మాట్లాడుతూ గోఖలే ఈ వివక్షను ఎత్తిచూపారు. ఈ దేశంలో జాతి దూషణపై చట్టసభలో జరిగిన చర్చల చరిత్ర రాస్తే మొదటి పేజీల్లో ఉండాల్సిన ఘట్టం ఇది. తిట్టిన జాతి చేతిలో ప్రాసిక్యూషన్ అధికారం ఉన్నప్పుడు, జాతి ద్వేషాన్ని నిషేధించే చట్టం తిట్లు తిన్న జాతినే వెతుక్కుంటూ వస్తుంది. ఇది భారతదేశానికే పరిమితమైన వింత కాదు. బ్రిటన్‌లో వలస వచ్చిన నల్లజాతి వారిని కాపాడేందుకు 1965లో తెచ్చిన జాతి సంబంధాల చట్టం కింద, రెండేళ్లకే నల్లజాతి ఉద్యమకారుడు మైకేల్ ఎక్స్‌ను పన్నెండు నెలలు జైలుకు పంపారు.

1927లో ఈ దారి మరింత వెడల్పయింది. లాహోర్‌లో ప్రచురితమైన ‘రంగీలా రసూల్’ పుస్తకం కేసులో ప్రచురణకర్త రాజ్‌పాల్‌ను హైకోర్టు నిర్దోషిగా వదిలేసింది. మరణించిన మత ప్రవక్త జీవితంపై రాతలను ఆపడానికి 153ఎ ఉద్దేశించలేదన్నది జస్టిస్ దలీప్ సింగ్ తీర్పు. ఆందోళనలు చెలరేగడంతో ఆ ఏడాదే 295ఎ వచ్చింది. బిల్లును పరిశీలించిన జిన్నా సైతం, మతంపై నిజాయితీగా విమర్శ చేసేవారికి, సత్యాన్వేషణ చేసేవారికి రక్షణ ఉండాలని హెచ్చరించారు. చట్టం వచ్చాక కూడా రాజ్‌పాల్ బతకలేదు. 1929లో హత్యకు గురయ్యారు. మనోభావాల గాయాన్ని కొలిచే చట్టాలకున్న జబ్బు అప్పుడే బయటపడింది. ఎంత మంది, ఎంత గట్టిగా వీధిలోకి వచ్చారన్నదే గాయానికి కొలమానం అవుతుంది. సంఖ్య లేనివాడికి, వీధి లేనివాడికి ఆ చట్టంతో పని జరగదు.

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం మొదటి పదహారు నెలల్లోనే ఈ దారిని దాదాపు మూసేసినంత పని చేసింది. 1950 నాటి 19(2) అధికరణంలో ‘ప్రజా శాంతి’ అన్న మాట లేదు. రొమేశ్ థాపర్ నడిపిన ‘క్రాస్ రోడ్స్’ వారపత్రికను మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రానివ్వలేదు. తెలుగు జిల్లాలు అప్పటికి మద్రాసులో భాగమే గనుక ఆ నిషేధం బెజవాడకూ గుంటూరుకూ కూడా వర్తించింది. 1950 మే 26న సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. అదే ఏడాది పంజాబ్ హైకోర్టు తారాసింగ్ కేసులో రాజద్రోహ సెక్షన్‌తోపాటు 153ఎ కూడా రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. ద్వేష ప్రచారంపై చేతిలో చట్టమే లేకుండా పోయిందని నెహ్రూ ప్రభుత్వం కలవరపడింది. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరలేదు. ఆ కలవరం బూటకం కాదు. 1951 జూన్‌లో అమల్లోకి వచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ ‘ప్రజా శాంతి’ని చేర్చింది. ఆంక్షలు ‘సహేతుకంగా’ ఉండాలన్న షరతునూ చేర్చింది. శ్యామాప్రసాద్ ముఖర్జీ వ్యతిరేకించారు. న్యాయమంత్రిగా అంబేడ్కర్ సమర్థించారు. 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు 295ఎను నిలబెట్టింది. 1961లో 153ఎను తిరగరాసి మతం, జాతి, భాష, కులం అన్న మాటలను చేర్చారు. అంటే జాతి పేరుతో ద్వేషాన్ని రెచ్చగొట్టడం భారత చట్టంలో ఆరు దశాబ్దాలుగా నేరమే.

మరి లాజ్‌పత్ నగర్ మాటకు ఆ సెక్షన్ ఎందుకు అక్కరకు రాలేదు? దుకాణం ముందు నిలబడిన ఒక కుర్రాడిని చూసి నవ్వినవాడు రెండు వర్గాల మధ్య శత్రుత్వం పెంచాలనుకోలేదు. ఆ కుర్రాణ్ణి తక్కువ చేయాలనుకున్నాడు, అంతే. 153ఎ గుంపులను చూడగలదు. ఎదురుగా నిలబడిన మనిషిని చూడలేదు.

మనిషిని చూసే చట్టం రెండో దారిలో వచ్చింది. దానికి మూలం 17వ అధికరణం. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభ అస్పృశ్యతను రద్దు చేస్తూ, దాని ఆచరణ ఏ రూపంలో ఉన్నా శిక్షార్హమని ప్రకటించింది. ప్రాథమిక హక్కుల అధ్యాయంలో పౌరుడి ప్రవర్తనను నేరుగా నేరంగా పేర్కొన్న అరుదైన వాక్యం అది. రాజ్యానికి కాక పొరుగువాడికి ఆజ్ఞ వేసింది. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చినప్పుడు, అస్పృశ్యత ప్రాతిపదికన షెడ్యూల్డు కులాల వ్యక్తిని అవమానించడమూ నేరమైంది. చట్టం మాటను ముట్టుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

తర్వాతి మలుపు ప్రకాశం జిల్లాలో. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. ఆ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర, మాటల్లో. తాగే నీళ్లను పాడు చేయవద్దని ఒక దళిత నోరు అనడమే పెద్ద తప్పయిపోయింది. మాటకూ హత్యకూ మధ్య దూరం ఎంత తక్కువో తెలుగు నేలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కారంచేడు తర్వాత పెరిగిన దేశవ్యాప్త ఒత్తిడి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి దారితీసిన కారణాల్లో ఒకటి. ఆ చట్టంలోని 3(1)(ఎక్స్) క్లాజు, ప్రజల కంట పడే చోట, హీనపరచాలన్న ఉద్దేశంతో ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తిని అవమానించడాన్ని కనీసం ఆరు నెలల జైలుకు తగిన నేరంగా చేసింది. 2015 సవరణతో అది 3(1)(ఆర్) అయింది. కులం పేరుతో దూషించడం విడిగా 3(1)(ఎస్) అయింది.

వాక్‌స్వాతంత్ర్యం దృష్టితో ఈ క్లాజును చదివితే అందులోని జాగ్రత్త తెలుస్తుంది. అన్నవాడు ఎస్సీ, ఎస్టీలకు చెందనివాడై ఉండాలి. పడ్డవాడు చెందినవాడై ఉండాలి. హీనపరిచే ఉద్దేశం ఉండాలి. నలుగురి కంట పడాలి. ఇక్కడ ‘శాంతి’ ప్రస్తావన లేదు, ‘మనోభావాలు’ లేవు. గొడవ జరిగిందా అని చట్టం అడగదు. అవమానపడ్డవాడు నోరెత్తలేదన్నది నిందితుడికి రక్షణ కాదు. ఒక పదాల జాబితాను తయారుచేసి నిషేధించనూ లేదు. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎందుకు అన్నారన్నదే నేరం.

జాబితా ఎందుకు కుదరదో అదే ప్రకాశం జిల్లా మరో రకంగా చూపించింది. 1994 జులై 7న ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమంలో యువకులు తమ పేర్ల చివర ‘మాదిగ’ అని గర్వంగా చేర్చుకున్నారు. ఊళ్లో తిట్టుగా వాడిన పేరు సభల్లో ఇంటిపేరుకు మించిన గుర్తింపు అయింది. పదాన్నే నిషేధించే చట్టమైతే ముందుగా ఆ యువకులనే పట్టుకునేది. అన్నవాడెవడని అడిగే చట్టం కాబట్టి వారి జోలికి రాలేదు. పంజాబీ గాయని గిన్నీ మాహీ తన కులం పేరును పాటగా పాడుకున్నా అంతే. అమెరికాలో ఆసియా మూలాలున్న ఒక సంగీత బృందం తమను వెక్కిరించే పదాన్నే పేరుగా పెట్టుకుంటే ట్రేడ్‌మార్కు కార్యాలయం తిరస్కరించింది. 2017లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లి వారు గెలవాల్సి వచ్చింది. అక్కడి నిబంధన పదాన్ని చూసింది, నోటిని చూడలేదు.

మన న్యాయస్థానాలు ఈ క్లాజును కాలక్రమంలో ఇంకా పదునుపెట్టాయి. ఒక కులం పేరు కేవలం కులాన్ని సూచిస్తుందని, అది తిట్టెలా అవుతుందని 2008 నాటి స్వరణ్ సింగ్ కేసులో నిందితులు వాదించారు. పదానికి నిఘంటువు అర్థం కాదు, జనవాడుకలో దానికున్న అర్థం చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటి గేటు దగ్గర అన్నా దారినపోయేవారికి కనబడితే అది ప్రజల కంట పడిన చోటే అంది. 2011 నాటి ఆరుముగం సేర్వై కేసులో, తమిళనాడులోని కులదూషణను అమెరికాలో నల్లజాతి వారిపై వాడే పదాలతో పోల్చింది. మరోవైపు 2020లో హితేశ్ వర్మ కేసులో, సాక్షులు లేని నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ క్లాజు కిందికి రాదని హద్దు గీసింది. 2017లో ఢిల్లీ హైకోర్టు ఫేస్‌బుక్ రాతలూ ప్రజల కంట పడేవే కావచ్చంటూనే, ఒక వ్యక్తిని ఉద్దేశించని సాధారణ వ్యాఖ్య అవమానపు క్లాజు కిందికి రాదని ఆ కేసును కొట్టేసింది.

కీలకం ఈ చివరి హద్దే. ఒక సమూహం గురించి ఎంత చేదైన అభిప్రాయమైనా చర్చలో భాగం. ఎదుట నిలబడిన మనిషి పుట్టుకను పట్టుకుని నలుగురిలో దిగజార్చడం చర్చ కాదు. అందులో ఖండించడానికి వాదనే లేదు. వాక్‌స్వాతంత్ర్యం ఎందుకు అవసరమో చెప్పే కారణాల్లో సత్యాన్వేషణ, అధికారంపై విమర్శ, స్వయంపాలన ముఖ్యమైనవి. మెట్రో రైల్లో మణిపూర్ అమ్మాయి వైపు విసిరిన కూతకు ఈ మూడింటిలో ఏదీ వర్తించదు.

రెండో దారిలో ముళ్లు లేవని కాదు. 2013 జనవరిలో జైపూర్ సాహిత్యోత్సవ వేదికపై అవినీతి గురించి చేసిన వ్యాఖ్యకు సామాజిక శాస్త్రవేత్త ఆశిష్ నందీపై ఇదే చట్టం కింద కేసు నమోదైంది. ఆయన అన్నది అభ్యంతరకరమని తలచినవారు అనేకులు. కానీ అది ఒక వాదనలో భాగం, వ్యక్తిపై దూషణ కాదు. సుప్రీంకోర్టు అరెస్టును ఆపింది. పైగా ఎస్సీ, ఎస్టీలపై ద్వేషం పెంచడాన్ని నేరంగా చేస్తున్న 2015 నాటి 3(1)(యు) క్లాజు మళ్లీ మొదటి దారి భాషలోకే జారుతుంది. మంచి చట్టంలో కూడా పాత అలవాటు పోలేదు. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోవడం, సాక్షులు వెనక్కి తగ్గడం అనే అసలు జబ్బులు వేరే. వాటి గురించి ఎంతో రాశారు.

మొదటి దారి ఎటు తీసుకెళుతుందో చూడాలంటే 2017 హైదరాబాద్ చాలు. కంచ ఐలయ్య ఒక వ్యాపార కులం గురించి రాసిన తెలుగు పుస్తకంపై ఆందోళనలు, ఫిర్యాదులు, బెదిరింపులు వెల్లువెత్తాయి. పుస్తకాన్ని నిషేధించాలన్న పిటిషన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్టోబరులో కోర్టు తోసిపుచ్చుతూ రచయిత భావప్రకటనా హక్కును గౌరవించాలంది. ఆ పుస్తకంలోని ప్రతిపాదనలతో, శీర్షికలోని వ్యంగ్యంతో ఎవరైనా విభేదించవచ్చు, విభేదించడానికే పుస్తకాలుంటాయి. గమనించాల్సింది ఇది: మనోభావాల చట్టాన్ని అక్కడ వాడబోయింది సంపద, సంఘటన ఉన్న వర్గం. వాడబోయింది వెనుకబడిన కులాల నుంచి వచ్చిన రచయిత మీద. 1907 లాహోర్‌కూ 2017 హైదరాబాద్‌కూ పాలకులు మారారు, చట్టం నడిచే తీరు మారలేదు.

ఈ రెండు దారుల మధ్య ‘జాతి’ ఎలా పడిపోయిందన్నది వేరే కథ. జాతి వివక్షకు వ్యతిరేకంగా ప్రపంచ వేదికపై మొదట గళమెత్తిన దేశాల్లో భారత్ ఒకటి. 1946లోనే దక్షిణాఫ్రికాలోని భారతీయుల దుస్థితిని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లింది. విదేశాల్లో జాతి తిట్టు తినడమంటే ఏమిటో ఈ దేశపు కూలి జనానికి బాగా తెలుసు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను రంగూన్‌లో ‘కోరంగీ’లనేవారు. ఇక్కడ ఊరి పేరు, అక్కడ ఈసడింపు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె తర్వాత చెలరేగిన అల్లర్లలో చనిపోయినవారిలో ఎక్కువ మంది భారతీయులు, వారిలో తెలుగువారే అనేకులు. జాతి వివక్ష నిర్మూలన ఒడంబడికను భారత్ 1968లో ఆమోదించింది. జాతి ఆధిక్య భావాల ప్రచారాన్ని శిక్షార్హం చేయాలని దాని నాలుగో అధికరణం కోరుతుంది. కానీ కులాన్ని జాతి వివక్షలో లెక్కించాలన్న వాదన వచ్చినప్పుడల్లా, 2001 డర్బన్ సదస్సు సహా, ప్రభుత్వాలు రెండూ వేరని గట్టిగా నిరాకరించాయి. ఈ పంతంలో ఒక విచిత్రం జరిగింది. జాతి వివక్ష అనేది ఎక్కడో దక్షిణాఫ్రికాలో, అమెరికాలో ఉండేదన్న నమ్మకం స్థిరపడింది. ఢిల్లీలో అద్దె ఇల్లు వెతుక్కునే నాగా యువతి అనుభవానికి పేరు లేకుండా పోయింది.

2012లో కేంద్ర హోంశాఖ ఒక అడుగు వేసింది. ఈశాన్యవాసులను ‘చింకీ’ అని దూషిస్తే ఎస్సీ, ఎస్టీ చట్టం కింద కేసు పెట్టాలని రాష్ట్రాలకు సూచించింది. ఉద్దేశం మంచిదే. పనిలో చూస్తే అతుకు. ఈశాన్యంలో అందరూ షెడ్యూల్డు తెగల వారు కారు. మెయితీలు కారు, అస్సామీలలో అత్యధికులు కారు, గూర్ఖాల్లో చాలామంది కారు. వారి ముఖాన్ని చూసి తిట్టేవాడికి మాత్రం ఆ తేడా తెలియదు. పైగా ఢిల్లీకి షెడ్యూల్డు తెగల జాబితాయే లేదు. ఒక రాష్ట్రంలో దక్కిన షెడ్యూల్డు హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని 1990లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు పేరు మర్రి చంద్రశేఖరరావు కేసు; తండ్రి ఉద్యోగం కోసం బొంబాయి వెళ్లిన తెలుగు గిరిజన కుటుంబపు అబ్బాయికి అక్కడ వైద్య విద్యలో రిజర్వేషన్ నిరాకరించిన వ్యవహారం. రిజర్వేషన్ల కోసం చెప్పిన ఆ సూత్రం దూషణ కేసుల్లోనూ అడ్డుపడింది. అత్యాచారాల చట్టం రక్షణ సొంత రాష్ట్రపు సరిహద్దు దగ్గర ఆగిపోదని బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం చెప్పడానికి 2023 దాకా పట్టింది.

నిడో మరణం తర్వాత ఎం.పి. బెజ్‌బరువా నాయకత్వంలో ఏర్పడిన కమిటీ 2014 జులైలో నివేదిక ఇచ్చింది. శిక్షాస్మృతిలో రెండు సెక్షన్లు చేర్చమంది. ఒకటి 153సి, రెండోది 509ఎ. ఆ అంకెలే చాలా చెబుతాయి. మొదటిది 153 కుటుంబంలోకి వెళుతుంది: సమూహాలు, ద్వేషం, శాంతి. రెండోది 509 పక్కన కూర్చుంటుంది: ఒక జాతికి చెందిన వ్యక్తిని అవమానించే మాట, సైగ, చేష్ట, మూడేళ్ల వరకు జైలు. కమిటీ తెలిసి చేసిందో తెలియక చేసిందో గానీ, నూరేళ్ల రెండు దారులను ఒకే పుటలో పక్కపక్కన పెట్టింది. రెంటినీ ఒకే గాటన కట్టి ‘ద్వేష భాషణ చట్టం’గా చర్చించడం వల్ల 509ఎకు నష్టం జరిగింది. 153సి మీద వాక్‌స్వాతంత్ర్యవాదులు లేవనెత్తే ప్రతి అభ్యంతరానికీ బలముంది. అందులో అత్యధికం 509ఎకు వర్తించవు. దానికి ‘ప్రజల కంట పడే చోట’ అన్న షరతు చేర్చి, హీనపరిచే ఉద్దేశాన్ని స్పష్టంగా రాసి ఉంటే ఇంకా బలపడేది. పందొమ్మిదో అధికరణం ముందు నిలబడగల చట్టం అది. సభ్యత, నీతి, పరువు నష్టం అన్న ఆంక్షలు మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాయి. వ్యక్తి గౌరవానికి రాజ్యాంగ పీఠికలోనే చోటుంది. మాట వెనక ఎవరున్నారు, ఎక్కడ అన్నారు, ఎవరిపై పడింది అన్నవి తూచాలని 2020 డిసెంబరులో అమీశ్ దేవగన్ కేసులో సుప్రీంకోర్టు కూడా వివరంగా చెప్పింది.

రెండు సెక్షన్లూ చట్టం కాలేదు. నేరచట్టం ఉమ్మడి జాబితాలో ఉంది కనుక రాష్ట్రాల అభిప్రాయం అడిగారు. 2016 డిసెంబరులో కర్మ దోర్జీ కేసులో సుప్రీంకోర్టు పర్యవేక్షణ కమిటీ వేయమంది. 2020 మార్చిలో కరోనా వచ్చింది. రోగం పేరే తిట్టయి ఈశాన్యవాసుల మీద పడింది. హోంశాఖ మరోసారి రాష్ట్రాలకు లేఖ రాసింది.

శిక్షాస్మృతిని మొత్తంగా తిరగరాసే అరుదైన అవకాశం 2023లో దొరికింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 153ఎ పోయి 196 వచ్చింది, 295ఎ పోయి 299 వచ్చింది, 509 పోయి 79 వచ్చింది. ‘జాతి’ అన్న మాటకు ఒక కొత్త చోటు కూడా దక్కింది. 103వ సెక్షన్ రెండో క్లాజులో, ఐదుగురు లేదా అంతకు మించి కలిసి జాతి, కులం, భాష, పుట్టిన చోటు వంటి కారణాలతో హత్య చేస్తే ప్రత్యేక శిక్ష ఉంది. 509ఎకు సమానమైనది మాత్రం లేదు.

ఢిల్లీ పోలీసులకు ఈశాన్య రాష్ట్రాల వారి కోసం ఒక ప్రత్యేక విభాగం ఉంది, 1093 నంబరుతో హెల్ప్‌లైన్ ఉంది. షెడ్యూల్డు తెగకు చెందని యువకుడు ఆ నంబరుకు ఫోన్ చేసి, బస్టాపులో పదిమందిలో తన ముఖాన్ని, జాతిని ఎత్తి తిట్టారని చెబితే, రాసుకునే అధికారికి అందుబాటులో ఉన్నది ప్రధానంగా 352వ సెక్షన్. అది 1860 నాటి 504కు కొత్త అంకె. శాంతిభంగానికి రెచ్చగొట్టాలన్న ఉద్దేశంతోనో, అలా జరగవచ్చని తెలిసో అవమానించి ఉండాలని అది కోరుతుంది. కాబట్టి ఆ అధికారి మొదట అడగాల్సిన ప్రశ్న, తిట్టాక ఏం గొడవ జరిగిందని. ఏ గొడవా జరగలేదు, తర్వాతి బస్సెక్కి వచ్చేశానన్నది ఆ యువకుడి జవాబు.